దీపావళికి పెద్ద ల్యాంప్‌షేడ్ల ఆర్డర్లు ఎందుకు ఆపామంటే

నమస్కారమండి. దీపావళికి తోలు ల్యాంప్‌షేడ్లు కావాలని ఫోన్లు మొదలయ్యాయి కాబట్టి విషయం ముందే చెప్పేస్తున్నాను. ఈసారి పెద్ద ల్యాంప్‌షేడ్లకు కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు. అడ్వాన్సు కట్టినవాళ్లవి తప్పకుండా చేసిస్తాం, కానీ వాటిలో కొన్ని పండగ దాటాకే మీ చేతికి వస్తాయి. చిన్న తోలుబొమ్మలు, గోడకు తగిలించే పటాలు మాత్రం తయారుగా ఉన్నాయి.

ఒక బొమ్మ వేయడానికి ఇన్ని వారాలా అని చాలామంది అడుగుతున్నారు. గీతలు గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేయడం అనంతపురం వైపు తోలుబొమ్మలకు పేరున్న మా ఊరు నిమ్మలకుంటలో చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని, అది వేగంగానే సాగిపోతుంది. ఆలస్యమంతా దానికి ముందే, తోలు దగ్గర జరుగుతుంది.

మాకు మేక తోళ్లు మాంసం కొట్ల నుంచి పచ్చిగా వస్తాయి. ఒలిచిన కొన్ని గంటల్లోనే వాటికి ఉప్పు పట్టించాలి. మన ఎండలకు కాస్త ఆలస్యమైనా లోపల కుళ్లు మొదలవుతుంది. అలాంటి తోలుకు బొచ్చు పట్టి లాగితే చాలు, ఊడొచ్చేస్తుంది. గీకే శ్రమ తప్పిందని సంబరపడితే తర్వాత ఏడవాల్సిందే. పైపొర అక్కడక్కడ లేచిపోయి రంగు నిలవదు. అందుకే తోలు రాగానే పొట్ట దగ్గర, చంకల దగ్గర లాగి చూస్తాను. ఊడితే వెనక్కి పంపేస్తాను.

మంచి తోలును నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడిగి, సున్నపు నీళ్లలో వేస్తాం. బొచ్చు వేళ్లు వదులయ్యాక గీకేస్తాం. ఇక్కడ వేడినీళ్లతో తొందరపెట్టకూడదు. చెయ్యి ఓర్చుకోలేనంత వేడి తగిలితే పచ్చితోలు ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు.

అసలు పని ఆ తర్వాత. తోలును తిరగేసి, గుండ్రటి దుంగ మీద మాంసం వైపు పైకి ఉండేలా పరిచి, రెండు చేతులతో పట్టుకునే కత్తితో గీకాలి. కత్తికి మరీ పదును ఉండకూడదు. కోయడానికి కాదు, మాంసం పొరను నెట్టుకుంటూ పోవడానికి అది. మెడ దగ్గర తోలు మందం, బలమంతా పెట్టాలి. పొట్ట దగ్గరికి వచ్చేసరికి అదే చెయ్యి తేలికైపోవాలి. పొర సరిగ్గా లేస్తే తెల్లగా, తడిగా, చుట్టలు చుట్టుకుంటూ కత్తి ముందు పోగవుతుంది. అడుగున నున్నటి నీలం తెలుపు కనిపిస్తుంది. ఎక్కడైనా పసుపు మచ్చ మిగిలిందంటే అక్కడ కొవ్వు ఉన్నట్టే. దాన్ని వదిలేస్తే ఈరోజు ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో నాలుగు నెలలు బల్బు వెలిగాక నూనె మరకలా బయటపడుతుంది, వాసన కూడా వస్తుంది. నేను పనివాళ్లను తొందరపెట్టకపోవడానికి కారణం ఇదే.

గీకుతున్నప్పుడు ఆవగింజంత చిల్లు పడినా ఊరుకోకూడదు. తోలును చెక్క మీద లాగి మేకులు కొట్టగానే ఆ చిల్లు కన్ను ఆకారంలో తెరుచుకుంటుంది. తడి మీద ఉండగానే సన్నగా కుట్టేయాలి. మీ ల్యాంప్‌షేడ్‌లో ఏనుగు కాలి దగ్గరో తీగల మధ్యనో చిన్న కుట్టు కనిపిస్తే అది ఆ సంగతే. అలాగే వెలుగులో సన్నటి గీతలు, చుక్కలు కూడా కనిపిస్తాయి. మా వైపు మేకలు కంప చెట్లలో మేస్తాయి, ముళ్లు గీరుకుంటాయి, పిడుదులు కరుస్తాయి. ఆ గుర్తులు తోలులో ఉండిపోతాయి. వాటిని డిఫెక్ట్ అని వాపసు పంపకండి, దయచేసి.

చెప్పుల తోలులాగా దీన్ని ట్యానింగ్ చేయం, అంటే మందులు పట్టించి పదును చేయం. బిగించి కట్టి, ఆ బిగువులోనే ఆరనిస్తాం. అలా ఆరితేనే లోపలి నారలు చదునుగా పడుకుని వెలుగును రానిస్తాయి. ఎండలో ఆరబెడితే గట్టిపడి పెళుసవుతుంది. గాలి తగిలే నీడ కావాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అనంతపురం వైపు వానలు తక్కువ, ఆ పడేవి ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరులోనే పడతాయి. సరిగ్గా మీ దీపావళి ఆర్డర్లు వచ్చే సమయం. ముసురులో తోలు ఆరదు, బూజు పడుతుంది. హీటరు పెట్టి ఆరబెట్టిన తోలు నాకు నచ్చలేదు, అంచులు ముందు బిగుసుకుని మధ్యలో ముడతలు పడుతుంది.

రెడీమేడ్ తోలు కొనుక్కోవచ్చు కదా అంటారు. క్రోమియం ఉప్పులతో ట్యానింగ్ చేసిన తోలు నీలంగా ఉంటుంది, వెలుగును ఆపేస్తుంది, మన పనికి రాదు. పచ్చిగా ఆరబెట్టిన తోళ్లు తక్కువ ధరకు ఇస్తానని ఒక వ్యాపారి వచ్చారు. లైటుకు పెట్టి చూస్తే మాంసం పొర సగం అలాగే ఉంది. వద్దన్నాను.

ఇంకో మాట. పూజగదికి రాముడి బొమ్మ జింక తోలుతో చేసిస్తారా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాతకాలంలో దేవుళ్ల బొమ్మలకు జింక తోలు వాడిన మాట నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది నేరం. ఎంత డబ్బిచ్చినా చేయం. మా ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అంత పేరున్న కళను మేక తోలుతోనే గౌరవంగా నిలబెట్టుకోవచ్చు.

జనవరి నుంచి పెద్ద ల్యాంప్‌షేడ్ల ధర కొంత పెరుగుతుంది. గీకే పనికి మనుషులు దొరకడం కష్టంగా ఉంది, వచ్చినవాళ్లకు కూలి పెంచాను. నడుము వంచి రోజంతా చేసే పని అది, నీచు వాసన వేరే. ఆ పనికి బొమ్మ వేసేవాళ్లకంటే తక్కువ ఇవ్వడం నాకు మనసొప్పలేదు. ఇప్పటికే ఆర్డరిచ్చినవాళ్లకు పాత ధరే.

కొన్నవాళ్లు మాత్రం లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత బల్బుల వేడికి తోలు ముడుచుకుంటుంది. పొడిగుడ్డతో తుడవండి, నీళ్లు తగలనివ్వద్దు. ఎలుకలు, కుక్కలు దీన్ని తినే వస్తువుగానే చూస్తాయి కాబట్టి అందనంత ఎత్తులో పెట్టండి. పండగకే కావాలి, తర్వాత వద్దు అనుకునేవాళ్లు వాట్సాప్‌లో ఆర్డరు నంబరు పెడితే అడ్వాన్సు మొత్తం వెనక్కి వేస్తాను, కారణం అడగను. ఆగుతామన్నవాళ్లకు తోలు ఆరి చెక్క నుంచి తీసిన రోజు, లైటు ముందు పట్టుకుని ఫోటో తీసి పంపిస్తాను. అది చూసి సరేనంటేనే గీత మొదలుపెడతాం.