మందు తాగుతారా అని ఆడవాళ్లనూ సరిగ్గా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మందు మానమని చెప్పే ప్రకటన ఏది చూసినా తాగేది మొగుడు, ఏడ్చేది పెళ్లాం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది మద్యం తీసుకుంటున్నారు. మా వైపు బోనాలకో దసరాకో కల్లు తాగితే ఎవరూ తప్పనుకోరు, నేనూ అనుకోను. నాట్లేసి వచ్చాక ఒళ్లు నొప్పులకో సీసా, నిద్ర పట్టకపోతే ఇంకోటి. సిటీలో అయితే వైన్ గ్లాసు, పైగా "గుండెకు మంచిదట" అని ఒక మాట.

నా బాధ నలభై అయిదు దాటినవాళ్ల గురించి. ముట్లు ఆగే వయసులో రాత్రిళ్లు ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తుంది, కొంచెం తాగితే నిద్ర పడుతుందనుకుంటారు. పట్టడం నిజమే, కానీ నడిరాత్రి లేపేసేదీ అదే, కొందరికి చెమటలూ ఎక్కువవుతాయి. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది, అందుకే మొగుడితో సమానంగా తాగినా ఆమెకే ఎక్కువ ఎక్కుతుంది. మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చింది. రోజుకు ఒక్క పెగ్గుతోనే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. కల్లులో ఉన్నదీ ఆ ఆల్కహాలే, చెట్టు మీంచి దిగినంత మాత్రాన మంచిదైపోదు.

ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య ఫారంలో "రోజూ మద్యం తాగుతారా" అనే ప్రశ్న ఉంది. మా వదినకు నడుం చుట్టూ టేపు పెట్టి మరీ కొలిచారు, ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నవ్వేసి "లేదు" అని వాళ్లే టిక్కు పెట్టుకున్నారు. వదినా నవ్వింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, వాకిట్లో అత్త, మరిది ఉండగా ఏం అడుగుతుంది? అయినా "రోజూ" అంటే వారానికి నాలుగు రోజులు తాగే ఆమె కూడా నిజాయితీగానే లేదంటుంది. వారానికి ఎన్నిసార్లు, ఎంత అని పక్కకు పిలిచి అడగాలి.

తగ్గించాలనుకునేవాళ్లు ముందు నిద్ర కోసం తాగడం మానాలి, వారంలో కొన్ని రోజులు అసలు ముట్టకూడదు. బీపీ, షుగర్, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపేయొద్దు, వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడితే ఇంకా ప్రమాదం. డాక్టరు దగ్గరికి వెళ్లాలి, లేదా మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయాలి.

మీ మహిళల పేజీలో ముఖానికి పసుపు, జుట్టుకు మెంతులు వారం వారం వస్తూనే ఉంటాయి. ఒక్క వారం దీనికివ్వండి.

– ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా