డుకాటీ అని రాస్తే చాలదు, ఏ ఏడాది బైకో కూడా వేయండి

సంపాదకుడి గారికి నమస్కారం.

సోమవారం నాటి ఆటల పేజీలో మీరు మోటోజీపీ, అదే బైకు రేసుల ప్రపంచ చాంపియన్‌షిప్, ఫలితాలు వేస్తుంటారు. రైడరు పేరు, దేశం, పక్కనే బైకు కంపెనీ. క్రికెట్టుకి పోగా మిగిలిన జాగాలో ఆ మాత్రం వేయడమే గొప్ప, కాదనను. కానీ ఆ పట్టికలో ఆరుగురి పేర్ల పక్కన ‘డుకాటీ’ అని ఒకే మాట ఉంటోంది. ఆ ఆరు బైకులూ ఒకటి కావు. 2025నే తీసుకోండి, అందులో మూడు ఆ ఏటివి, మూడు అంతకుముందు ఏడాదివి. ముప్పై ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో బళ్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి. ఏడాది తేడా అంటే ఏమిటో చేతులకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2023 సెప్టెంబరులో మన దేశంలో మొదటిసారి మోటోజీపీ జరిగినప్పుడు మా బామ్మర్దిని వెంటేసుకుని గ్రేటర్ నోయిడా వెళ్లాను. ఎండ మండిపోతోంది. రేసును 24 ల్యాపుల నుంచి 21కి తగ్గించారు. వాలెంటీనో రోసీ టీం కుర్రాడు మార్కో బెజెక్కి ఎనిమిది సెకన్ల పైచిలుకు తేడాతో గెలిచాడు. ఆ ఆటలో ఎనిమిది సెకన్లంటే వెనకవాడు కనుచూపులో లేనట్టే. అప్పటి చాంపియన్ బాన్యాయా ఫ్యాక్టరీ టీం, అంటే కంపెనీ సొంత టీం, సరికొత్త డుకాటీ మీద వచ్చి రెండో స్థానంలో ఉండగా జారిపడ్డాడు. బెజెక్కిది 2022 మోడల్, అంటే అంతకుముందు ఏడాది ఫ్యాక్టరీ టీం తోలి వదిలేసిన రకం. ఆ మాట చెబితే మా బామ్మర్ది నమ్మలేదు. ‘పాత బండితోనే గెలిచేటట్టయితే ఇక కొత్తది దేనికి బావా?’ అన్నాడు. నిజానికి మంచి ప్రశ్నే. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మరుసటేడు దొరికింది. 2024కి డుకాటీ బైకులు తోలే మరో టీం ప్రమాక్‌లోకి వస్తే కొత్త బైకు ఇస్తామన్నా, బెజెక్కి తన టీంని వదలనని 2023 మోడల్‌తోనే ఉండిపోయాడు. ఆ ఏడాది మిషెలిన్ కొత్త వెనక టైరు తెచ్చింది. అది కొత్త డుకాటీకి అతికినట్టు సరిపోయింది, పాతదానికి పొసగలేదు. నలుగురి చేతిలో కొత్తది, నలుగురి చేతిలో పాతది. సీజన్‌లో 20 రేసులు జరిగితే 19 డుకాటీవే. అందులో 16 కొత్త బైకువి, 3 పాతదానివి. ఆ మూడూ ఒక్క మార్క్ మార్కెజ్ గెలిచినవి. మార్కెజ్‌కి ఏ బండి ఇచ్చినా ఏదో ఒకటి చేస్తాడు, అతణ్ణి కొలబద్దగా పెట్టుకోకూడదు. మన బెజెక్కికి మాత్రం ఒక్క గెలుపు కూడా దక్కలేదు. 2025లో అప్రిలియా ఫ్యాక్టరీ టీంకి మారాడు. మూడు రేసులు గెలిచి చాంపియన్‌షిప్‌లో మూడో స్థానంలో నిలిచాడు. మనిషి అతనే, చేతిలో బండి మారింది.

ఇక రూల్స్ సంగతి. వెనకబడిన కంపెనీలకు చేయూతనిచ్చే పద్ధతి మోటోజీపీలో ఉంది. దాన్ని కన్సెషన్స్ అంటారు. 2024 నుంచి కంపెనీలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. రావడానికి వీలున్న పాయింట్లలో 85 శాతం, ఆ పైన తెచ్చుకున్న కంపెనీ ఏలో, 35 శాతం కూడా రానిది డీలో. ఏలో ఉన్న కంపెనీకి టెస్టింగ్ కోసం 170 టైర్లు, డీలో ఉన్నదానికి 260. ఏవాళ్లు వైల్డ్ కార్డుతో అదనపు రైడర్ని దింపకూడదు, డీవాళ్లు ఆరుసార్లు దింపొచ్చు. ఏవాళ్లు సీజన్ మధ్యలో ఇంజన్ మీద చెయ్యి వేయడానికి లేదు, డీవాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అప్పుడు డుకాటీ ఏలో, హోండా, యమహా డీలో ఉన్నాయి. ఒకప్పుడు ఊరందరినీ ఓడించిన హోండా డీలో కూర్చోవడం చూస్తే నా వయసువాళ్లకు కొంచెం చిత్రంగానే ఉంటుంది. కానీ మందు పనిచేసింది. 2025 సీజన్ ఆఖర్న హోండా సీలోకి ఎక్కింది. అసలు డుకాటీ కూడా 2014లో ఇలాంటి సడలింపులతోనే లేచి నిలబడింది. ఈ పద్ధతి మీద నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదల్లా ఒకటే. ఈ కొలతలన్నీ కంపెనీకీ కంపెనీకీ మధ్య దూరాన్ని చూస్తాయి. ఒకే కంపెనీలో ఫ్యాక్టరీ టీంకీ, బైకులు అద్దెకు తెచ్చుకునే శాటిలైట్ టీంకీ మధ్య దూరాన్ని చూసే కొలత ఏదీ లేదు. కొత్త ఫెయిరింగ్ (బైకు పైతొడుగు), కొత్త ఛాసిస్ వస్తే ముందు ఎవరికివ్వాలో, ఎన్నాళ్లకు మిగతావాళ్లకివ్వాలో కంపెనీ ఇష్టం.

పెట్టుబడి వాళ్లది, ఇష్టం వాళ్లదే అంటారు కొందరు. అది సగం నిజం. 2022 నుంచి 2024 దాకా డుకాటీ ఎనిమిది బైకులు దింపింది. యమహాకి 2023, 2024ల్లో ఉన్నవి రెండే. శుక్రవారం ప్రాక్టీసు అయ్యేసరికి డుకాటీ ఇంజనీర్ల ముందు ఎనిమిది బళ్ల డేటా ఉంటుంది. ఏ టైరు ఎన్ని ల్యాపులకు చచ్చిపోతుందో, ఏ మలుపులో ఎంత బ్రేకు పట్టాలో ఎనిమిది మంది పడీ లేచీ చూపిస్తారు. అంటే శాటిలైట్ టీం అద్దె కట్టి మరీ కంపెనీకి ప్రయోగశాలగా పనిచేస్తోంది. అద్దె తీసుకుని, డేటా తీసుకుని, భాగాలు మాత్రం ఆఖర్న ఇస్తామంటే ఎలా? మా షెడ్డులో హెల్పరుకు కూడా ఇంతకన్నా మంచి బేరమే కుదురుతుంది.

2024లో జార్జ్ మార్టిన్ ప్రమాక్ నుంచి గెలవలేదా అని అడుగుతారు. గెలిచాడు, బాన్యాయా కంటే 10 పాయింట్ల ముందు. 2002లో మోటోజీపీ మొదలయ్యాక ఫ్యాక్టరీ టీంలో లేని రైడరు టైటిల్ కొట్టడం అదే మొదటిసారి. తనకు దక్కాల్సిన ఫ్యాక్టరీ సీటు మార్కెజ్‌కి పోయిందని జూన్‌లోనే తేలిపోయింది, అతను అప్రిలియాకి సంతకం పెట్టేశాడు. అయినా డుకాటీ ఆఖరి రేసు దాకా అతనికి కొత్త బైకే ఇచ్చింది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఇచ్చారు కాబట్టి సరిపోయింది, ఇవ్వకపోతే అడగడానికి రూలు ఎక్కడుంది?

పాత బండే నయమైన సందర్భాలూ ఉన్నాయి, దాచను. 2020లో యమహా నలుగురు రైడర్లలో మొర్బిడెల్లికి ఒక్కడికే పాతది ఇచ్చింది. ఏడాది చివర చూస్తే నలుగురిలో అతనే ముందున్నాడు, చాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. 2025లో మార్క్ తమ్ముడు అలెక్స్ మార్కెజ్ పాత డుకాటీతోనే రెండో స్థానంలో నిలిస్తే, కొత్తది తోలిన బాన్యాయా తంటాలు పడ్డాడు. పాతదో కొత్తదో తేల్చుకునే అవకాశం రైడరుకు ఉండాలన్నదే నా వాదన.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి. పదేళ్ల కిందట మా ఖాతాదారు కొడుకుని తీసుకుని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి మెకానిక్‌గా వెళ్లాను. పక్క షెడ్డులో ఒక కంపెనీ అండ ఉన్న టీం. వాళ్ల టైర్లకు దుప్పట్లు చుట్టి కరెంటుతో వేడి చేస్తున్నారు. మా టైర్లను ఎండలో పెట్టాం. ప్రాక్టీసయ్యాక వాళ్లు విప్పి పడేసిన వెనక టైరును మావాడు బేరమాడి కొన్నాడు. ఒకవైపు అంచు గోరు పెడితే జారేంత నున్నగా ఉంది. ‘పర్లేదు అంకుల్, మనదానికన్నా మంచిదే’ అన్నాడు. నిజంగా మంచిదే, ఆ రేసులో వాడి టైం మెరుగుపడింది కూడా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పైస్థాయిలోనూ ఇలాంటిది ఉండేది. ఒకప్పుడు యూరప్ రేసులకు మిషెలిన్ వాళ్లు శనివారం రాత్రికి రాత్రి క్లెర్మాన్-ఫెరాన్‌లో కొత్త టైర్లు తయారుచేసి, ఎంచుకున్న కొద్దిమందికి మాత్రం ఆదివారం పొద్దున్నే అందించేవాళ్లు. 2007లో టైర్ల మీద పరిమితులు పెట్టారు, 2009లో అందరికీ ఒకే కంపెనీ టైరు అన్నారు. 2016లో ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అదే ఈసీయూ, సాఫ్ట్‌వేర్ కూడా అందరికీ ఒకటే చేశారు. రేసింగ్ చచ్చిపోతుందని గోల చేసినవాళ్లున్నారు. ఎక్కడ చచ్చింది? మోటోజీపీకి కింది మెట్టయిన మోటో2లో ఇంజన్లు అందరికీ ట్రయంఫ్ కంపెనీవే, అదీ లాటరీ తీసి పంచుతారు. రేసులు రసవత్తరంగానే ఉంటాయి.

2027లో 850 సీసీ ఇంజన్లు, పిరెల్లీ టైర్లు వస్తున్నాయి. బైకు ఎత్తును తగ్గించే పరికరాలు నిషేధం. అందరి జీపీఎస్ డేటా అన్ని టీంలకూ ఇస్తారు. కంపెనీలన్నీ బీ నుంచే మొదలవుతాయి. ఇక్కడో తమాషా ఉంది. ఆ ఏడాది ఎవరికీ పాత బండి అంటగట్టలేరు, 850 సీసీలో పాతది ఉండదు కాబట్టి. అసలు పేచీ 2028లో మొదలవుతుంది. మోటోజీపీని నడిపే డోర్నాను కొన్న లిబర్టీ మీడియా, బైకు కంపెనీలు కలిసి ఈ లోపే ఒక మాట రాసుకోవాలి. ఏ రైడరైనా అడిగితే ఆ ఏటి బైకే ఇవ్వాలి, ఫ్యాక్టరీ టీంకి కొత్త భాగం వస్తే ఇన్ని రేసులలోపు శాటిలైట్ టీంకి కూడా చేరాలి.

ఇది మనకేం సంబంధం అనకండి. దివాలా అంచున ఉన్న కేటీఎం 2025లో నిలబడింది మన బజాజ్ డబ్బుతో. ఆ ఏడాది అంత ఇబ్బందిలోనూ కేటీఎం తన శాటిలైట్ టీం టెక్3కి ఫ్యాక్టరీ బైకులే ఇచ్చింది. ఇంకో సంగతి, బాన్యాయా 2016లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో మోటో3 (మోటో2 కన్నా కింది తరగతి) తొలి గెలుపు అందుకున్నది మన మహీంద్రా మీద. రేపు రూల్స్ మాట్లాడే బల్ల దగ్గర కేటీఎం తరఫున కూర్చునేవాళ్ల వెనక బజాజ్ ఊరు పుణె ఉంటుంది. అక్కడ ఈ మాట ఎత్తమని మన పత్రికలు అడగొచ్చు.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. పట్టికలో డుకాటీ అన్నచోట పక్కన 25 అనో 26 అనో వేయండి. రెండంకెల జాగా పడుతుంది, అంతే.

ఇట్లు,
మీ పాఠకుడు,
బైక్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ