పచ్చదీపం మాయమైన రాత్రి

ఒరేయ్ కుంభకర్ణా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. బయల్దేరిన రోజే రాస్తానన్నాను, పదహారు రోజులైంది. మూడుసార్లు మొదలుపెట్టాను, పడవ ఊగుడికి అక్షరం నిలవలేదు. ఇదీ అవతలి ఒడ్డు చేరాకే పోస్టు చేయాలి.

నేను బాగున్నాను. కానరీ దీవుల నుంచి కరీబియన్‌కి దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, సగం దాటేశాం. వ్యాపార పవనాలు వెనక నుంచి తోస్తున్నాయి. మంచినీళ్లు కొలుచుకుని తాగుతున్నాం. పొద్దున లేచేసరికి డెక్ మీద ఎగిరే చేపలు పడి ఉంటాయి. సరే, అసలు సంగతి విను.

మొన్న రాత్రి రెండింటికి వాచ్, అదే కాపలా వంతు, నాది. కెప్టెన్ కింద నిద్రపోతున్నాడు. మేమిద్దరం తప్ప మనిషి జాడ చూసి పదకొండు రోజులు. ఎదురుగా ఒక తెల్లచుక్క కనిపిస్తే నక్షత్రమనుకున్నా. కాసేపటికి సరిగ్గా దాని కిందే ఇంకో తెల్లది. ఆ తర్వాత ఎడమవైపు పచ్చ, కుడివైపు ఎర్ర. ఒరేయ్, ఓడకి ఒక పక్క పచ్చ, ఇంకో పక్క ఎర్ర దీపం ఉంటాయి; రెండు రంగులూ ఒకేసారి కనిపించాయంటే ఓడ ముక్కు తిన్నగా మనవైపే ఉందన్నమాట! గుండె జారిపోయింది. చుట్టుపక్కల ఓడల్ని చూపించే ఏఐఎస్ పరికరం చూస్తే ఆరు మైళ్ల దూరం. వాళ్ల వేగం గంటకి 14 నాటికల్ మైళ్లు, మాది 5. ఇరవై నిమిషాలు కూడా లేదు.

రూల్ ప్రకారం ఇంజిన్ ఓడే తెరచాప పడవకి దారివ్వాలి. కానీ వాళ్లు మమ్మల్ని చూడాలి కదా! ముందువైపు తెరచాపని కర్రతో బయటికి కట్టేసి ఉంచాం, చీకట్లో దాన్ని విప్పి పక్కకి తిరగడం ఇద్దరి పని. కెప్టెన్‌ని కేకేసి, రేడియో పదహారో ఛానల్లో పిలిచాను. ఒకసారి. రెండుసార్లు. ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం... సర్లే, అది ఒడ్డు మీద కూర్చుని చెప్తా.

మూడోసారికి ఒక నిదానమైన గొంతు. "మిమ్మల్ని చూశాను, కుడికి తిరుగుతున్నాను" అన్నాడు. నేను పచ్చదీపం మీంచి కళ్లు తిప్పలేదు. మెల్లగా, చాలా మెల్లగా అది మాయమైంది. ఎర్రది ఒక్కటే మిగిలింది. అంతటి ఓడ మా చిన్న పడవ కోసం పక్కకి జరిగింది రా!

అక్కడితో ఆగలేదు. "ఎంతమంది ఉన్నారు?" అని అడిగాడు. ఇద్దరం అన్నాను. "మేం ఇరవైరెండు మందిమి" అన్నాడు. తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. నీళ్లు కావాలా అని అడిగాడు, మూడు రోజుల వాతావరణం చదివి వినిపించాడు, నేను రాసుకుంటుంటే ఆగి ఆగి చెప్పాడు. చివర "గుడ్ వాచ్" అన్నాడు. పేరు కూడా అడగలేదు నేను. వాళ్ల వెనకదీపం కనిపించినంతసేపూ చూస్తూ నిలబడి ఏడ్చాను. భయంతో కాదు. ఆ రాత్రి మన టార్చిలైటు గుర్తొచ్చింది, నీకు తెలుసుగా ఎందుకో.

ఇంకా డాల్ఫిన్ల సంగతి ఉంది. నీళ్లలో వెలుగు... తెరచాప టపటపమంటోంది, గాలి మారినట్టుంది. కెప్టెన్ పిలుస్తున్నాడు, వెళ్ల