లక్ష రూపాయల ల్యాప్‌టాప్ అక్కర్లేదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో వీడియో గేమ్‌ల తయారీ మీద వ్యాసం వేశారు. మిగతాదంతా బాగానే ఉంది గానీ, ఈ రంగంలోకి దిగాలంటే విండోస్ ఉన్న లక్ష రూపాయల ల్యాప్‌టాప్, అందులో గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని ఒక పేరా రాశారు చూడండి, దానితో మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. డిప్లొమా రెండో ఏడు చదువుతున్న మా మేనల్లుడు ఆ పేపర్ కటింగ్ పట్టుకుని వాళ్ల నాన్న ముందు కూర్చున్నాడు, ఆయనేమో ముప్పై సెంట్ల కొబ్బరి తోట మీద బతికే మనిషి, దింపు తీయించిన కూలి పోగా మిగిలేది ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. అంతకుముందే టౌన్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఇరవై ఐదు వేలు కట్టించుకుని, రెండు నెలలు ఏ బటన్ ఎక్కడుందో చూపించి, "ఇక ముందుకెళ్లాలంటే మంచి సిస్టమ్ కొనుక్కో" అని పంపేశారు. ఆ సెంటర్ పేరు రాయను, అలాంటివి ఊరికొకటి ఉన్నాయి.

నేను రాజోలులో కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతాను. మా వైపు సముద్రపు గాలికి మదర్‌బోర్డులు తుప్పు పట్టడం, కరెంటు వచ్చీ పోయీ పవర్ సప్లయ్‌లు కాలిపోవడం మామూలే కాబట్టి పాత మెషీన్లకి కొదవ లేదు. మూలన పడున్న ఒక డెస్క్‌టాప్ తీశాను, మూడో తరం ఐ3 అనే పాత ఇంటెల్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) కొని బిగించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి, అందులో గోడో అనే గేమ్ ఇంజిన్ పెట్టి మావాడికి ఇచ్చాను. (మావాడు గొడాట్ అంటాడు, చివరి టీ పలకక్కర్లేదని చెప్పినా వినడు.)

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. గేమ్ ఇంజిన్ అంటే బొమ్మలు తెర మీద గీయడం, ఒకదాన్నొకటి తగిలాయా లేదా చూడడం, శబ్దం, కీబోర్డు, టచ్ లాంటి పనులన్నీ ముందే సిద్ధం చేసి పెట్టిన సామాను. గోడోని అర్జెంటీనాలో ఇద్దరు మొదలుపెట్టారు, 2014లో సోర్స్ కోడ్, అంటే దాన్ని తయారుచేసిన ప్రోగ్రామ్ రాత అంతా, అందరికీ వదిలేశారు. ఎంఐటీ లైసెన్స్, అంటే మీరు దానితో గేమ్ చేసి కోట్లు సంపాదించినా వాళ్లకి పైసా ఇవ్వక్కర్లేదు, గేమ్‌లో ఎక్కడో ఒకచోట వాళ్ల లైసెన్స్ నోటు పెడితే చాలు. జిప్ ఫైలు నూరు ఎంబీ లోపే. ఇన్‌స్టాల్ చేయడం, లాగిన్, కీ, ఏమీ లేవు, పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి వేరే మెషీన్ మీద విప్పి నొక్కినా తెరుచుకుంటుంది. లైనక్స్‌కి ఏదో మొక్కుబడిగా ఇచ్చిన సగం వెర్షన్ కాదు, విండోస్‌లో ఉన్న ఎడిటరే అందులోనూ ఉంటుంది. బ్రొటాటో, డోమ్ కీపర్ లాంటి గేమ్‌లు దీనితో చేసినవే, డబ్బు పెట్టి కొనుక్కుని ఆడుతున్నారు జనం.

యూనిటీ అనే ఇంకో గేమ్ ఇంజిన్ నేర్చుకోవద్దని నేననను, ఉద్యోగాలు దానికే ఎక్కువ, దానికీ లైనక్స్ ఎడిటర్ ఉంది. కానీ 2023 సెప్టెంబర్‌లో ఏమైందో మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంటే బాగుండేది. ఒక హద్దు దాటాక గేమ్ ఎవరు ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసుకుంటే అన్నిసార్లు మాకు డబ్బు కట్టాలని ఆ కంపెనీ ప్రకటించింది, అప్పటికే దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి గేమ్‌లు అమ్ముకుంటున్నవాళ్ల మీద కూడా. నాట్లు పడ్డాక కౌలు పెంచినట్టు. గోలగోల అయి, ఏడాది తర్వాత 2024 సెప్టెంబర్‌లో ఆ ఫీజు పూర్తిగా ఎత్తేశారు, కానీ ఈ లోపు చాలామంది గోడో వైపు తిరిగారు. చేతిలో సోర్స్ కోడ్ ఉన్నవాడికి ఆ భయం లేదండి, రేపు గోడో వాళ్లు మనసు మార్చుకున్నా ఇవాళ మన దగ్గరున్న కాపీ మనదే.

ఇంతకీ మావాడు ఏం చేశాడంటే పులి మేక. అరుగు మీద ఇటుక ముక్కతో గీసుకుని ఆడేవాళ్లం కదా, మూడు పులులు, పదిహేను మేకలు, అదే. తేలిక అనుకున్నాం ఇద్దరం. చదరంగంలాగా గళ్లయితే లెక్క కట్టి దూకించొచ్చు, ఇదేమో కొండలాగా పైన కొసకి కలిసే గీతలు, ఇరవై మూడు చోట్లు, ఏ రెండు గీతల వాలూ ఒకటి కాదు. మొదట్లో వాడి పులి పక్క గీత మీదున్న మేకని కూడా మింగేసేది. చివరికి వాడు నోట్‌బుక్‌లో బొమ్మ గీసి ఒక్కో చోటికీ నంబరు వేసి, ఎక్కడి నుంచి, ఎవరి మీదుగా, ఎక్కడికి అని ప్రతి దూకుడూ చేత్తో పట్టీ రాసుకున్నాడు. అది రాయడానికి రెండు రాత్రులు పట్టింది, లక్ష రూపాయల ల్యాప్‌టాప్ మీదైనా అన్నే పట్టేవి.

తెలుగు సంగతి వేరే చెప్పాలి. మొదట పాత మెషీన్ కదా అని గోడో 3 వేశాను. "పులి చిక్కింది" అని చూపించమంటే కింద ఉండాల్సిన క వత్తు ఊడొచ్చి పక్కన కూర్చుంది, "మళ్ళీ ఆడు" అయితే చదవడానికే లేదు. ఆ వెర్షన్‌కి మన లిపుల్లో అక్షరాల్ని కలిపి పేర్చడం చేతకాదు. 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని లోపల కలిపారు, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు సరిగ్గా కనిపించేదీ దానివల్లే. ఉచితంగా దొరికే మండలి ఫాంట్ ఒకటి గేమ్‌లోనే జతచేశాం, గుణింతాలు వత్తులు అన్నీ చక్కగా కుదిరాయి. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివి, మేకలే ఎప్పుడూ ఓడిపోతున్నాయేంట్రా అంది. పులి తెలివి కొంచెం తగ్గించాలి.

ఇబ్బందులు లేవని రాస్తే నేనూ మీ వ్యాసంలాగే రాసినట్టవుతుంది. గోడో 4 మామూలుగా వల్కన్ (గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయించే కొత్త పద్ధతి) అడుగుతుంది, మూడో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌లో అది సరిగ్గా లేదు, ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే రెండరర్‌గా, అంటే బొమ్మలు గీసే భాగంగా, కంపాటిబిలిటీ ఎంచుకుంటే ఓపెన్‌జీఎల్ అనే పాత పద్ధతి మీద నడిచిపోతుంది. ఈ ముక్క తెలియక గోడో 4 వేసిన మొదటిరోజు తెల్ల తెర చూసి వాడు డీలా పడ్డాడు. గేమ్‌ని ఫోన్‌లోకి ఎక్కించాలంటే జావా, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే, ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు అనే సామాను వేరే దించుకోవాలి, ఇంజిన్ కంటే ఎన్నో రెట్లు పెద్దవి, మా ఫోన్ డేటాకి రెండు రోజులు పట్టింది. ఐఫోన్ కోసమైతే యాపిల్ కంప్యూటర్ కావాల్సిందే. పెద్ద పెద్ద త్రీడీ యుద్ధాల గేమ్‌లు ఆ మెషీన్ మీద కలలో కూడా చేయలేరు, ఒప్పుకుంటాను. నేర్చుకునేవాడు మొదటి రోజే అక్కడికి వెళ్లడు కదండీ.

ఇది ఒక్క మా ఇంటి గొడవైతే పేపర్‌కి రాసేవాణ్ణి కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, ఒకటీ అరా తప్ప ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లని విండోస్ 11 ఒప్పుకోదు. అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి నా దగ్గరికి రోజూ ఫోన్లు, "పనికిరానివి, కేజీల లెక్కన తీసుకుంటావా" అని. ఒక కాలేజీ ల్యాబ్ వాళ్లయితే బాగా నడుస్తున్న ఇరవై రెండు సిస్టమ్‌లు పాత ఇనుము కింద అమ్మేద్దామనుకున్నారు. ఒక్కదాని మీద లైనక్స్ వేసి, మావాడి పులి మేక ఆడించి చూపించాను, ప్రస్తుతానికి అమ్మకం ఆగింది. కేరళ సర్కారు బళ్లలో పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు, వాళ్ల కొబ్బరి చెట్లూ మన కొబ్బరి చెట్లూ ఒకలాంటివే.

వచ్చే ఆదివారం అదే పేజీలో, పాత కంప్యూటర్ మీద లైనక్స్, గోడో వేసుకుని కూడా గేమ్‌ల తయారీ మొదలుపెట్టొచ్చని ఒక చిన్న సవరణ వేయండి. మా బావకి చూపించడానికి నాకొక కటింగ్ కావాలి.

— కంప్యూటర్ రిపేర్ షాపు వాడు,
రాజోలు, కోనసీమ జిల్లా