పాత ఇంటి రిపేరుకూ ఒక పద్ధతి ఉండాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

పాత ఇంటిని కూల్చకుండా బాగుచేయించుకుంటే పర్యావరణానికి మేలని అందరూ అంటున్నారు. నిజమే. కానీ మా గోదావరి జిల్లాల్లో రిపేరు పేరుతో జరుగుతున్న పనులు చూస్తే ఆ మేలులో సగమైనా మిగులుతుందన్న నమ్మకం కలగడం లేదు. బాగుచేసిన ఇళ్లే కొన్నేళ్లకు కూల్చివేతకు వస్తున్నాయి.

మా వైపు పాత మండువా ఇళ్లు, పెంకుటిళ్లు, మద్రాస్ టెర్రస్ మిద్దెలు (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నం వేసినవి) చాలావరకు సున్నంతో కట్టినవి. ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నం, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. నేలలోంచి ఎక్కిన చెమ్మ ఆ గోడ నుంచి మెల్లగా ఆవిరై బయటికి పోతుంది. వానాకాలంలో గోడ అడుగున మరక కనబడగానే ఇంటివాళ్లు టెన్షన్ పడి మేస్త్రీని పిలుస్తారు. ఆయన సున్నం పూత గీకేసి సిమెంటు వేస్తాడు. పైన పుట్టీ, ఆపైన ప్లాస్టిక్ ఎమల్షన్. మొదటి ఏడాది ఇల్లు కళకళలాడుతుంది. తర్వాత చెమ్మకు బయటికి దారి లేక గోడలోనే పైకి పాకుతుంది. చౌడు పట్టి సిమెంటు పూత పెచ్చులుగా ఊడుతుంది, ఆ పెచ్చులతో పాటు ఇటుక పైపొర కూడా రాలుతుంది. గోడలో కూర్చున్న టేకు దూలాల కొసలు నానిపోయి, చెదలు పడతాయి. అప్పుడిక "ఇల్లు పాతబడిపోయింది, పడగొట్టెయ్యండి" అంటారు. తరతరాలు నిలబడ్డ ఆ ఇల్లు పాడైంది రిపేరు వల్లే.

పడగొట్టాక ఏం మిగులుతుందన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. సున్నంతో కట్టిన ఇటుకను తాపీతో నాలుగు దెబ్బలు కొడితే సున్నం రాలిపోయి, ఇటుక నిండుగా చేతికొస్తుంది. మళ్లీ గోడకు వాడుకోవచ్చు. సిమెంటుతో కట్టిన గోడను కొడితే అతుకు ఊడదు, ఇటుకే పగులుతుంది. ఆ ఇటుక కోసం తవ్విన పొలం మట్టి, కాల్చిన బొగ్గు, ఊక అంతా వృథా. కొత్త గోడకు మళ్లీ గోదావరి ఇసుకే తోడాలి. టన్ను సిమెంటు తయారీలో అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. సున్నపురాయిని కాల్చినా ఆ వాయువు వస్తుంది, కాదనను. అయితే గోడలో గట్టిపడేటప్పుడు సున్నం అందులో చాలా భాగాన్ని గాల్లోంచి తిరిగి తీసుకుంటుంది.

ఇక రద్దు, అంటే పడగొట్టిన ఇటుక, పెచ్చుల శిథిలాల సంగతి. ట్రాక్టర్ అతనికి కిరాయి ఇచ్చి "ఎక్కడైనా పోసెయ్" అంటాం. అది చీకటి పడ్డాక కాలవ గట్టు మీదో, చెరువు మూలనో పడుతుంది. ఇంటి రిపేరులో వచ్చిన రద్దును కూడా చెత్తలో కలపకుండా వేరుగా ఉంచి అప్పగించాలని, దాన్ని తీసుకునే ఏర్పాటు స్థానిక సంస్థలు చేయాలని 2016 కేంద్ర నిబంధనలే చెప్పాయి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో దీన్ని ఇసుకగా, కంకరగా మార్చే ప్లాంట్లు పనిచేస్తున్నాయి. చిన్న పట్టణాల్లో మాత్రం రద్దు ఎక్కడ పోయాలో చెప్పే బోర్డు కూడా కనిపించదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కేంద్రం 2025లో తెచ్చిన కొత్త నిబంధనలు ప్రధానంగా 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన భారీ నిర్మాణాల మీదే దృష్టి పెట్టాయి. వీధికి రెండు మూడు చొప్పున జరిగే ఇంటి రిపేర్ల రద్దు ఎవరి లెక్కలోకీ రాదు.

పిల్లలున్న ఇళ్లవారు ఇంకొకటి గమనించాలి. ఇంట్లో వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు తలుపులకు, కిటికీలకు వేసిన ఎనామిల్‌ను మిషన్‌తో పొడిగా గీకిస్తే ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. తడిపి గీకించాలి, పిల్లల్ని ఆ పని జరిగే చోటికి రానివ్వకూడదు. ఆస్బెస్టాస్ రేకుల్ని కూడా పగలగొట్టకుండా, నీళ్లు చల్లి, నిండు రేకుగా దించాలి.

సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు ముసలివాళ్లయిపోయారు. న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) లాంటి శిక్షణ సంస్థలు వాళ్ల చేత కుర్ర మేస్త్రీలకు ఈ పని నేర్పించాలి, నేర్చుకునే రోజులకు కూలి కూడా ఇవ్వాలి. కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. పాత తలుపులు, దూలాలు, పెంకులు, ఇటుకలు అమ్ముకునే అడితీలకు, పాతసామాను కొట్లకు మున్సిపాలిటీలు తక్కువ అద్దెకు స్థలం చూపించాలి. వేసవిలో మళ్లీ రిపేర్లు మొదలవుతాయి. ఈలోగా ప్రతి పట్టణంలో రద్దు పోయడానికి ఒక స్థలం, ట్రాక్టర్‌కు ఇంత అని ఒక రేటు ప్రకటించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కోనసీమ జిల్లా