పెద్ద సైజు కప్పు అమ్మడం ఎందుకు ఆపేశానంటే

గుంటూరు బ్రాడీపేటలోని మన షాపుకు ఏళ్లుగా వస్తున్న అక్కలకు, చెల్లెళ్లకు, పిన్నిగార్లకు,

సంక్రాంతి తర్వాత నా దగ్గర పెద్ద సైజు నెలసరి కప్పు (ప్యాడ్ బదులు లోపల పెట్టుకునేది) కొన్నవాళ్లు దయచేసి దాన్ని వాడకండి. మీ 350 రూపాయలు మీకు తిరిగి ఇచ్చేస్తాను. చిన్న సైజుతోగానీ, సంక్రాంతికి ముందు కొన్న పెద్ద సైజుతోగానీ ఏ ఇబ్బందీ లేదు.

మొదట ఫోన్ చేసింది ఒక టీచరుగారు. డేట్ వచ్చిన రెండో రోజు, బోర్డు మీద రాస్తుండగానే చీరకు మచ్చ పడిందట. "సరిగ్గా తెరుచుకోలేదేమో మేడమ్, వేలు పెట్టి చుట్టూ ఒకసారి చూసుకోండి" అన్నాను. ఆవిడ నాలుగేళ్లుగా కప్పు వాడుతున్న మనిషి. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తర్వాత మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒక అక్క వచ్చింది. "ప్యాడే నయం చెల్లీ, రెండు గంటలన్నా ఆగేది" అంది. నచ్చజెప్పి ఆ అక్కకు కప్పు ఇచ్చింది నేనే. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మందుల షాపులో 10 మిల్లీలీటర్ల సిరంజి కొనుక్కొచ్చి, పాత సరుకులో మిగిలిన కప్పునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి నీళ్లు పోశాను. అంచు కింద ఉండే చిన్న రంధ్రాల దాకా పాతదానిలో 28 మిల్లీలీటర్లు పట్టాయి, కొత్తదానిలో 22. రెండు పెట్టెల మీదా 30 అనే ఉంది. లైటుకు ఎత్తి చూస్తే కొత్తదానికి నాలుగు రంధ్రాల్లో రెండు పూర్తిగా తెగలేదు, సన్నని పొర అడ్డం ఉంది. లోపల కప్పు చక్కగా విచ్చుకోవాలన్నా, తీసేటప్పుడు పట్టు వదలాలన్నా గాలి ఆడాల్సింది ఆ దారిలోనే. అంచు కూడా మెత్తబడింది. మడిచి వదిలితే పాతది టక్కున తెరుచుకుంటుంది, ఇది సగంలోనే ఆగిపోతోంది. ఇంకో ఆరు పెట్టెలు విప్పాను. అన్నీ అంతే.

సరుకు పంపిన హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్‌తో నాది ఆరేళ్ల లెక్క. ఒక్క రోజు కూడా బాకీ ఆపలేదు. ఫోన్ చేస్తే ముందు "డిజైన్ కొద్దిగా మార్చారు" అన్నాడు. తర్వాత "ఇంకెక్కడా కంప్లైంట్ లేదు" అన్నాడు. చివరికి "లేడీస్‌కు అలవాటయ్యేదాకా అలాగే ఉంటుంది మేడమ్" అన్నాడు. నా కస్టమర్లకు ఏది అలవాటో ఆయన నాకు చెబుతున్నాడు! మార్జిన్ ఇంకో పది శాతం పెంచుతానన్నాడు. అక్కర్లేదన్నాను. 100 పెట్టెల్లో అమ్ముడవకుండా మిగిలిన 36 పెట్టెలూ నా ఖర్చుతోనే ట్రాన్స్‌పోర్ట్‌లో వేసి పంపేశాను. ఆ డబ్బు వచ్చినా రాకపోయినా ఇక ఆయన దగ్గర సూదిమొన కూడా కొనను.

అసలు నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది మీకు డబ్బు ఎలా వాపసు ఇవ్వాలన్నది. 64 కప్పులంటే 22,400 రూపాయలు. బిల్లో, కనీసం ఖాళీ పెట్టో అడగమన్నారు మావారు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ మీలో సగం మంది నల్ల కవర్లో చుట్టించుకుని, బిల్లు ఇక్కడే చింపేసి వెళ్లినవాళ్లే. అత్తగారికి తెలియకూడదన్నవాళ్లున్నారు, హాస్టల్ పిల్లలున్నారు. వాడిన కప్పు తెచ్చి నలుగురి ముందు కౌంటర్ మీద పెట్టమని అడగడానికి నాకు నోరు రాదు. అందుకే ఏమీ తేవద్దు. ఏ నెలలో కొన్నారో చెప్పండి చాలు. కప్పును కత్తెరతో కోసి పారేయండి. ఎవరైనా కొనకుండానే అడిగితే ఆ 350 నేను భరిస్తాను. నష్టపోయిన మనిషి మొహమాటపడి ఊరుకుంటే మాత్రం భరించలేను.

సరుకు తప్పు కాక నా మాట తప్పు కూడా ఒకటుంది. 12 గంటలు చూసుకోనక్కర్లేదని మీకు చెబుతూ వచ్చాను. 12 గంటలంటే అంతకుమించి ఉంచకూడదని అర్థం. అంతసేపూ కారకుండా ఆగుతుందని కాదు. ఎక్కువగా అయ్యేవాళ్లు మొదటి రెండు రోజులు మూడు నాలుగు గంటలకోసారి తీసి చూసుకోవాలి, రాత్రి కింద ప్యాడ్ కూడా పెట్టుకోవాలి. తీసేటప్పుడు తోక పట్టి లాగొద్దు, అడుగు నొక్కి పట్టు వదిలించాకే తీయండి. గర్భం రాకుండా కాపర్ టీ వేయించుకున్నవాళ్లు ముందు డాక్టరుని అడగండి, పట్టు వదలకుండా లాగితే అది కూడా జారి రావచ్చు.

కప్పుతో ప్యాడ్‌కు లేని లాభం ఒకటుంది: ఎంత పోయిందో లెక్క తెలుస్తుంది. తీసినప్పుడల్లా కప్పు మీది కొలత గీతలు చూసి రాసుకోండి. ఒక నెలసరికి మొత్తం 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మంచి కప్పు కూడా గంటా రెండు గంటల్లో నిండిపోతున్నా, రూపాయి బిళ్లకన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. తొడిమలు తీసే అక్కను నేనే జీజీహెచ్‌కు (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) తీసుకెళ్లాను. హిమోగ్లోబిన్ 7.9 మాత్రమే ఉంది. స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డ) కనబడింది. ఇప్పుడు మందులు వాడుతోంది. ఆమెకు అంతగా పోవడం కప్పు వల్ల కాదు, నిజమే. అయినా నేనిచ్చిన కప్పు మాత్రం పనికిమాలినదే.

వేరే చోట నుంచి శాంపిళ్లు తెప్పిస్తున్నాను. సిరంజితో కొలిచి, నేను రెండు నెలలు వాడి చూసేదాకా పెద్ద సైజు అడిగితే లేదనే చెబుతాను. ఆ తర్వాత కూడా వచ్చిన ప్రతి సరుకులో ఒక పెట్టె విప్పి, మీరు అడిగితే మీ ముందే నీళ్లు పోసి చూపిస్తాను.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపులో నేనొక్కదాన్నే ఉంటాను. నోరు తెరిచి అడగడం ఇబ్బందైతే "పెద్ద సైజు" అనండి చాలు, డబ్బు కవర్లో పెట్టి ఇస్తాను.