పాలు పల్చగా ఉంటే బలం లేనట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో పోయినవారం ఒక బాలింత అడిగిన ప్రశ్న, దానికి మీ డాక్టరుగారి జవాబు చదివి ఇది రాస్తున్నాను. తన పాలు నీళ్లలా ఉన్నాయని, బిడ్డకు చాలవేమోనని ఆమె భయం. మంచి ఆహారం తినమని, కావాలంటే పోతపాలు కలపమని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను విశాఖలో ఒక ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో స్టాఫ్ నర్సుని. ఆ రెండో ముక్క ఎంత పని చేస్తుందో రోజూ చూస్తున్నాను. పాడేరు నుంచి, అనకాపల్లి నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు గిన్నెలో పిండిన పాలు చూసి "ఇవేం పాలమ్మా, ఒట్టి నీళ్లు" అంటారు. తల్లి మొహం వాడిపోతుంది. సాయంత్రానికి డబ్బా వచ్చేస్తుంది.

ఆ పల్చని పాలలో ఏముందో మా వార్డుకొస్తే కళ్లతో చూడొచ్చు. నెలలు నిండని బిడ్డ చీకలేడు కాబట్టి తల్లిచేత పాలు పిండించి గొట్టం ద్వారా పోస్తాం. కాసేపు కదపకుండా ఉంచితే పైన లేత పసుపు మీగడ తేలి, అడుగున నీలి ఛాయతో పల్చని పాలు మిగులుతాయి. ఆ మీగడ సిరంజికి, గొట్టానికి అంటుకుపోతుంది. అందుకే సిరంజిని మెల్లగా నొక్కే పంపు మీద పెట్టినప్పుడు దాని మూతి పైకి ఉండేలా పెడతాం. తేలిన కొవ్వు వెనకబడిపోకుండా ముందు బిడ్డ కడుపులోకి వెళ్లాలి. పాలలో కొవ్వు నూటికి 3.5 నుంచి 4.5 పాళ్లే. కానీ బిడ్డకు అందే కేలరీల్లో దాదాపు సగం దానివే.

ఈ కొవ్వు వచ్చే దారి కూడా మీరు ఒకసారి రాయాలి. ఒంట్లో కొవ్వు దాచుకునే కణంలో ఒకే పెద్ద బొట్టు నిండిపోయి, కేంద్రకం ఓ మూలకు ఒత్తుకుపోయి ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు ఆ కణం బొట్టును అలాగే వదలదు. కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టి రక్తంలోకి పంపితే, అల్బుమిన్ అనే ప్రోటీను వాటిని మోసుకుపోతుంది. రొమ్ములోని పాల కణం వీటినీ, తల్లి తిన్న తిండిలోని కొవ్వునూ రక్తంలోంచి అందుకుంటుంది, కొంత గ్లూకోజుతో తానే తయారు చేస్తుంది. అన్నిటినీ చిన్నచిన్న బొట్లుగా కూర్చుతుంది. ఒక్కోటి సగటున 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగు. ఆ బొట్టు కణం అంచుకు చేరి, పైపొరను బయటికి తోసుకుంటూ, పొత్తిగుడ్డలో బిడ్డలా ఆ పొరనే చుట్టుకుని తెగి పాలలో పడుతుంది. ఇది తెలిశాక పిండిన పాలు చుక్క కూడా సింకులో పొయ్యబుద్ధి కాదు నాకు.

రొమ్ము నిండుగా ఉన్నప్పుడు వచ్చే పాలలో కొవ్వు తక్కువ, ఖాళీ అయ్యేకొద్దీ ఎక్కువ. మొదట పిండిన నాలుగు చుక్కలు చూసి తీర్పు చెప్పేస్తే ఎలా? బిడ్డ ఇంకా తాగుతుండగానే లాగేసి రెండో వైపుకు మార్చేస్తారు చాలామంది. తనంతట తాను వదిలేదాకా ఆగండమ్మా అని పడక పడక దగ్గరికీ వెళ్లి చెబుతుంటాం.

తిండితో మారేది ఎక్కువగా పాలలోని కొవ్వు రకం, మొత్తం పెద్దగా మారదు. మత్స్యకారులుండే జాలారిపేట నుంచి వచ్చే తల్లులకు ఇంటి నుంచి పాలసొర చేప పిట్టు వస్తుంది, ఇష్టంగా తింటారు. కవళ్ల లాంటి నూనె చేపల్లో ఉండే డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం పాల ద్వారా బిడ్డకు చేరుతుంది, మెదడుకూ కంటికీ అది కావాలి. పథ్యం పేరుతో సముద్రం పక్కనుండి కూడా బాలింతకు చేప ముక్క పెట్టని ఇళ్లను చూస్తే బాధేస్తుంది.

పోతపాలు తప్పని బిడ్డలూ ఉంటారు. డాక్టరు రాస్తే మేమే పడతాం. కానీ పాల రంగు చూసి కాదు. ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు. ఆ వారం మీ ఆరోగ్య పేజీలో ఈ సంగతి బొమ్మతో సహా వెయ్యండి, ఇళ్లలో పెద్దవాళ్లు చదివేలా పెద్ద అక్షరాల్లో. ఇకమీదట ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే, బిడ్డ బరువు పెరుగుతోందా, మొదటి వారం దాటాక రోజుకు కనీసం 6 గుడ్డలు తడుపుతోందా అని ముందు అడగమని మీ డాక్టరుగారికి నా మనవి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
మహారాణిపేట, విశాఖపట్నం